ఉప్పు చూసే మనిషి

మా వారు పోయిన నాలుగో నెలలో నాకు షుగర్ ఉందని తెలిసింది. స్కూల్లో టీచర్లందరికీ రక్తపరీక్షలు చేస్తామని ఒక ల్యాబ్ వాళ్ళు వస్తే, అందరితో పాటు నేనూ చెయ్యి చాపాను. రెండు రోజుల తర్వాత ఆ అబ్బాయి కాగితం నా చేతికిచ్చి, "మేడమ్, మీరు ఒకసారి డాక్టర్‌కి చూపించుకోండి" అన్నాడు. నాకు తొమ్మిదో తరగతికి పీరియడ్ ఉంది. కాగితం మడిచి హాజరు పట్టీలో పెట్టుకుని వెళ్ళి, త్రిభుజాల లెక్కలు చెప్పాను. సాయంత్రం కంకిపాడులో బస్సు ఎక్కినప్పుడు ఆ కాగితం స్కూల్లోనే మర్చిపోయానని గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళలేదు. మర్నాడు తెచ్చుకోవచ్చు కదా అనుకున్నాను.

భయం వేయలేదు. ధైర్యం వల్ల కాదు. అప్పటికి నాలుగు నెలలుగా నాకు ఏదీ వేయడం లేదు, చలి కూడా.

ఆయన పోయింది ఒక మామూలు సోమవారం పొద్దున. హాల్లో కుర్చీలో కూర్చుని షూ లేసులు కట్టుకుంటూ పక్కకి ఒరిగిపోయారు. నేను ఆయన టిఫిన్ బాక్సు మూత బిగిస్తున్నాను. అత్తయ్య బాల్కనీలో తులసికి నీళ్ళు పోస్తోంది. అంబులెన్సు వచ్చేసరికే అయిపోయిందని తర్వాత చెప్పారు. మాకు పిల్లలు లేరు. మామయ్య పోయాక అత్తయ్య పల్లెలో ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చి పదకొండేళ్ళయింది. అంటే పటమటలో ఆ మూడో అంతస్తు ఫ్లాటులో ఇక నేనూ ఆమే మిగిలాం. ఇద్దరం ఏడ్వాల్సినన్ని రోజులు ఏడ్చాం, రావాల్సిన వాళ్ళు వచ్చి వెళ్ళారు. ఆ తర్వాత ఇంట్లో ఫ్యాను శబ్దం వినబడడం మొదలైంది.

డాక్టరమ్మ నా కంటే చిన్నది. కాగితం చూసి, రోజంతా ఏం తింటారో చెప్పమంది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం అని చెప్పాను.

"మూడు పూటలా బియ్యమేనండీ అయితే" అంది. "మందులు రాస్తాను. కానీ అన్నం బాగా తగ్గించాలి. కొన్నాళ్ళు పూర్తిగా మానేసి చూడగలిగితే ఇంకా మంచిది. మన జిల్లా వాళ్ళకి ఈ మాట చెప్పాలంటే నాకు కష్టంగా ఉంటుందండీ. కళ్ళనీళ్ళు పెట్టుకునే వాళ్ళున్నారు."

"మానేస్తానండీ" అన్నాను.

ఆమె పెన్ను ఆపి నా వంక చూసింది. "ఇంత తేలిగ్గా ఎవరూ ఒప్పుకోరండీ" అంది.

ఒక జాబితా ఇచ్చింది. పొద్దున రెండు కోడిగుడ్లు. మధ్యాహ్నం ఆకుకూరో, బీరకాయో, సొరకాయో గిన్నెడు, దాంతో పాటు పనీరో చేపో. అన్నం తిన్నట్టు ఉండాలంటే కాలీఫ్లవర్ తురిమి ఆవిరి మీద మగ్గించుకోవచ్చట. సాయంత్రం గుప్పెడు పల్లీలు, రాత్రి పెరుగూ కీరా ముక్కలూ. దుంపలు వద్దు, బెల్లం వద్దు, సీసాల్లో అమ్మే సాసులు వద్దు. నేను ఒక చిన్న డిజిటల్ కాటా కొనుక్కుని, జాబితాని ఫ్రిజ్ తలుపుకి అంటించి, ఆ రాత్రి నుంచే మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే ఆ జాబితా నాకు హాయిగా అనిపించింది. ఏం తినాలనుందని నన్ను ఎవరూ అడగరు. నేనూ నన్ను అడుక్కోనక్కర్లేదు. తూచుకుని తినేయడమే.

అత్తయ్యకి మాత్రం అది షుగర్ వైద్యంలా కనబడలేదు. ఆమె పుట్టిందీ మెట్టిందీ వరి పండించే ఇళ్ళలో. ఆమె భాషలో అన్నం మానేయడం అంటే ఒకటే అర్థం. నేను వింటున్నానని తెలియక కూతురికి ఫోన్లో చెబుతోంది: "మీ వదిన అన్నం మానేసిందమ్మాయ్. డాక్టరు చెప్పాడంటది. నాకు నమ్మకం లేదు."

నాలుగైదు రోజులు చూసి నన్నే అడిగింది.

"ఎన్నాళ్ళు చేస్తావు ఇట్టా?"

"తగ్గేదాకా అత్తయ్యా. డాక్టర్ చెప్పారుగా."

"డాక్టరు నాకూ చానా చెప్పాడు. నేనేం మానలా."

ఆమె నా కంచంలోకి చూసింది. ఉడికిన కాలీఫ్లవర్ తురుము, మీద పాలకూర. "ఆ ఉడకబెట్టిన గడ్డి గొంతులో ఎట్టా దిగుద్దమ్మాయ్" అంది. "పచ్చడన్నా వేసుకో. నేను నూరతా."

అట్లా మా ఇంట్లో పచ్చళ్ళు మొదలయ్యాయి. అంతకు ముందు లేవని కాదు. ఆవకాయ, మాగాయ ఏడాదికోసారి పెట్టుకునేవాళ్ళం, ఇడ్లీలోకి కొబ్బరి పచ్చడి చేసుకునేవాళ్ళం. ఇప్పుడు రోజుకొకటి. బీరకాయ తొక్కు వేయించి ఒకరోజు, పచ్చి దోసకాయ ముక్కలతో ఒకరోజు, పల్లీలూ పచ్చిమిరపకాయలూ కలిపి ఒకరోజు. ఆదివారం కారప్పొడులు. కరివేపాకు కడిగి నీడన ఆరబెట్టి, ఎండుమిర్చి, ధనియాలు, వెల్లుల్లితో వేయించి పొడి కొట్టేది. పప్పులు ఎక్కువ వద్దన్నానని వాటి బదులు నువ్వులు వేసింది. అవిసె గింజలు ఆమె ఎప్పుడూ వాడలేదు. రైతు బజారు నుంచి తెచ్చిస్తే చేతిలో వేసుకుని వాసన చూసి, "పశువులకి పెట్టేవాళ్ళం" అంది. అయినా చేసింది. ఒక్క అల్లప్పచ్చడి దగ్గర ఒప్పుకోలేదు. బెల్లం లేకుండా చేయమంటే, "బెల్లం లేంది అల్లప్పచ్చడి కాదు. నాకు చేతకాదు" అని మిక్సీ దగ్గర నుంచి వచ్చేసింది.

ఆమె వంట చేస్తూ రుచి చూసే మనిషి కాదు. పెళ్ళయిన కొత్తలో నాకు అది వింతగా ఉండేది. పచ్చడి నూరగానే గరిటె చివర కాస్త తీసుకుని, "ఒరే, ఉప్పు చూడరా" అని కొడుకుని కేకేసేది. ఆయన ఎక్కడున్నా వచ్చి అరచెయ్యి చాపేవారు. నాకి, "కొంచెం పడుద్ది" అనో "సరిపోయింది" అనో చెప్పి వెళ్ళేవారు. యాభై దాటాక కూడా అంతే. నేను కూడా ఆ అలవాటులో పడ్డాను. ఆ ఇంట్లో ఉప్పు చూడడం ఆయన పని.

ఆయన పోయాక ఆమె మొదటిసారి పచ్చడి నూరిన రోజు నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. గరిటె చివర కాస్త తీసుకుని హాలు వైపు తిరిగింది. ఒక్క క్షణం అలాగే ఉండి, ఆ గరిటెను మళ్ళీ గిన్నెలో పెట్టేసింది. నేను చూశానని ఆమెకి తెలుసు. పచ్చడిలో ఉప్పు తక్కువైంది. తిన్నాం.

చలికాలంలో ఆమె బాత్‌రూమ్‌లో జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. అప్పుడు పచ్చళ్ళ పని నా మీద పడింది. ఆమె వంటింట్లో చిన్న స్టూలు మీద కూర్చుని చెప్పేది, నేను చేసేదాన్ని.

"ఇంకా వేగాల. వాసన రాలా."

"వచ్చిందనుకుంటా అత్తయ్యా."

"రాలా. నువ్వులు చిటపటమనాల. ఆ, ఇప్పుడు దించు."

నాకు వాసన తెలిసేది కాదు. ముక్కు పని చేస్తోంది, గ్యాస్ లీకైతే పసిగడతాను. కానీ నువ్వులు ఎప్పుడు వేగాయో చెప్పేది నా లోపల ఏదో ఉండాలి కదా, అది లేదు. ఆమె చెప్పినట్టు చేయడం బాగానే ఉండేది. ఆదివారం పొద్దున రెండు గంటలు ఎట్లాగో గడిచేవి. డబ్బాలు నింపి, మూతల మీద పేర్లు రాసి వరసగా పెట్టేదాన్ని. పిండికట్టు విప్పాక కూడా ఆమె వేళ్ళు సరిగ్గా ముడుచుకోలేదు. మిక్సీ జారు బిగించలేకపోయేది. అందుకని నేనే చేస్తూ వచ్చాను.

ఇంతలో సంవత్సరీకం వచ్చింది. దానికి రెండు రోజుల ముందే ఆడపడుచు వచ్చింది. ఆమెది కూచిపూడి పక్కన పల్లె. మా వారికి ఒక్కతే చెల్లెలు. రాగానే తల్లి కాళ్ళు చూసింది. చీలమండల దగ్గర ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడుతోంది. నేను రోజూ ఆ కాళ్ళను చూస్తూనే ఉన్నాను. చూశాననీ తెలుసు. అది ఒక విషయమని మాత్రం నాకు తట్టలేదు.

మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. ఆడపడుచు వేడన్నంలో పల్లీ పచ్చడి కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపేసింది. లేచి వెళ్ళి సింకులో ఊసి, నీళ్ళు పుక్కిలించి వచ్చింది.

"వదినా, ఇది నువ్వు తింటన్నావా?"

"ఆ. రోజూ తింటున్నాం."

"ఉప్పు ఎంతుందో తెలుస్తందా నీకు?"

నేను గిన్నెలోకి చూశాను. ఆమె ఫ్రిజ్ తెరిచి దోసకాయ పచ్చడి నాలుక మీద వేసుకుంది. అలమర తెరిచి కరివేపాకు పొడి చూసింది. నువ్వుల పొడి చూసింది.

"అన్నీ ఇంతే. అమ్మా, బీపీ మనిషివి. నీ నోరేమైంది?"

"బానే ఉందమ్మాయ్. తిను" అంది అత్తయ్య, తన కంచంలో కలుపుకుంటూ.

"బానే ఉందా? ఎన్నాళ్ళ నుంచి తింటన్నావు ఇది?" అని, నా వైపు తిరిగింది. "మా అన్నయ్య లేడని మా అమ్మకి ఇదా వదినా పెడతన్నావు?"

ఆ మాట నొప్పించాలి. నొప్పి ఎక్కడ మొదలవ్వాలో కూడా నాకు తెలిసింది. అక్కడ చూసుకుంటే ఏమీ లేదు. "చూసుకోలేదమ్మా" అన్నాను. మిగిలిన పచ్చడి తీసి చెత్తబుట్టలో వేశాను.

సంవత్సరీకానికి వచ్చిన చుట్టాలు నన్ను చూసి, ఎంత తగ్గావమ్మా అన్నారు. అన్నం ముట్టలేదని విని, ఎంత పట్టుదల అన్నారు. పట్టుదల అంటే ఏదో కావాలని ఉండి వద్దనుకోవడం. నాకు ఏదీ కావాలని లేదు. కానీ ఆ రోజు అది చెప్పడం కుదరదు కాబట్టి తలూపాను. మర్నాడు ఆడపడుచు తల్లిని తీసుకుని వెళ్ళిపోయింది. అత్తయ్య వెళతాననలేదు, వెళ్ళననీ అనలేదు. సంచిలో నాలుగు చీరలు పెట్టుకుని, మాత్రల డబ్బా పెట్టుకుని, లిఫ్టు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "గుడ్లు మానమాక" అంది.

అక్కడి డాక్టరు ఉప్పు బాగా తగ్గించమని చెప్పి మందులు మార్చాడని, వాపు తగ్గుతోందని ఆడపడుచు ఫోన్లో చెప్పింది. నాతో ఎక్కువ మాట్లాడలేదు.

ఒక సాయంత్రం వంటింట్లో ఉప్పు డబ్బా తెరిచి, చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పే. ఒక లెక్కకి జవాబు తెలిసినట్టు తెలిసింది. ఇంకో చిటికెడు వేసుకున్నాను. అదీ ఉప్పే. ఎక్కువా తక్కువా అన్నది మాత్రం తెలియలేదు. అది చెప్పాలంటే, ఇంత ఉంటే బాగుంటుందని ముందే ఒక ఇష్టం ఉండాలేమో. నాకు వచ్చిన పద్ధతి ఒకటే ఉంది, తూచడం. తిండి తూచుకోవడానికి కొన్న కాటా మీద ఉప్పు పెట్టాను. ఒకే కరివేపాకు పొడిని నాలుగు భాగాలు చేసి, ఒక్కోదాంట్లో ఒక్కో కొలత ఉప్పు కలిపి, నాలుగు డబ్బాల మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాసి స్కూలుకి పట్టుకెళ్ళాను.

స్టాఫ్ రూమ్‌లో భోజనాల వేళ డబ్బాలు టేబుల్ మీద పెట్టి, ఏది సరిపోయిందో చెప్పమన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఏడాదిగా వాళ్ళు నన్ను ఏమీ అడగడం లేదు. తొమ్మిది మంది రుచి చూశారు. ఆరుగురు రెండో డబ్బా అన్నారు. తెలుగు మాస్టారు మూడు అన్నారు. సైన్స్ మేడమ్ ఒకసారి రెండని, మళ్ళీ కలుపుకుని ఒకటని మార్చుకుంది. డ్రిల్లు మాస్టారు నాలుగూ బాగున్నాయని నాలుగూ తిన్నారు. పల్లీ పచ్చడికి కూడా అట్లాగే చేశాను. దోసకాయకి చేశాను. నెల తిరిగేసరికి ప్రతి పచ్చడికీ ప్రతి పొడికీ ఎన్ని గ్రాముల ఉప్పో ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ నెల అంతా ఇంట్లో నేను తిన్నది గుడ్లూ కీరా ముక్కలే. ఒక్కదాని కోసం కూర వండాలని తోచలేదు.

రెండో శనివారం బస్సెక్కి ఆడపడుచు ఇంటికి వెళ్ళాను. అత్తయ్య వసారాలో కూర్చుని గోంగూర ఆకు వలుస్తోంది. కాళ్ళు మామూలుగా ఉన్నాయి. ఆడపడుచు మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళింది. అత్తయ్యకి ఉప్పు తగ్గించాలి కాబట్టి, స్టాఫ్ రూమ్ వాళ్ళు చెప్పిన దాంట్లో సగమే వేసి చేసిన కరివేపాకు పొడి తీసి ఆమె అరచేతిలో కాస్త వేశాను. నాలుక మీద వేసుకుని చాలాసేపు చప్పరించింది.

"చప్పగా ఉంది. నాకు ఇప్పుడు ఇంతే పెడతన్నారు. బానే ఉంది" అంది. "ఎవరు చూశారు ఉప్పు?"

"స్కూల్లో తొమ్మిది మంది చూశారత్తయ్యా. దాంట్లో సగం వేశా."

"తొమ్మిది మందా" అంది. నవ్వబోయి ఊరుకుంది.

అప్పుడు అడిగాను. "అంత ఉప్పుందని నాకెందుకు చెప్పలేదు?"

ఆమె గోంగూర కాడ పక్కన పడేసి ఇంకో కాడ తీసుకుంది. "నువ్వు రెండోసారి ఉప్పు వేస్తంటే చూస్తానే ఉన్నా. ఒకసారి మూకుట్లో వేశావు, మళ్ళీ మిక్సీలో వేశావు. ప్రతివారం అంతే."

"మరి ఆపచ్చుగా."

"ఆపితే వంటింట్లోకి రావటం మానేస్తావనుకున్నా. ఆ గుడ్లు తిని గదిలోకి పోయి పడుకుంటావు. నాకు పెట్టాలి గదా అని వస్తన్నావు, ఆ మాత్రం కదులుతున్నావు."

"మీకు ఏమన్నా అయితే?"

"ఏమవుద్ది. అయ్యేది అయింది గదా మనకి" అంది. తర్వాత చిన్నగా, "నాకు మాత్రం రుచి కావాలని ఉందా ఏంది అమ్మాయ్. ఉప్పని తెలుస్తంది. తింటన్నా" అంది.

నేను ఆమె పక్కన కూర్చుని గోంగూర వలిచాను. ఆ మాట విన్నాక నాకు ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. భుజాలు కొంచెం వదులైనట్టున్నాయి, అంతే. ఆడపడుచు వచ్చి మా ఇద్దరినీ చూసి, తనూ ఒక పక్కన చతికిలబడింది. డబ్బా మూత తీసి, తన అరచేతిలో కాస్త వేసుకుని చూసింది. "ఇంకాస్త పడుద్ది వదినా" అంది. సంవత్సరీకం తర్వాత ఆమె నాతో మామూలుగా మాట్లాడిన మొదటి మాట అది.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే అత్తయ్య. ఒక చేతిలో చీరల సంచి, ఇంకో చేతిలో దోసకాయల సంచి. కూతురు దింపుతానంటే వద్దని ఒక్కతే బస్సెక్కి వచ్చిందట. "ఆధార్ కార్డు చూపిస్తే ఆడోళ్ళకి టికెట్ లేదన్నాడు కండక్టరు" అని చెప్పి, చెప్పులు విప్పి, నేరుగా బాల్కనీలోకి వెళ్ళి తులసి కుండీ చూసింది. నేను నీళ్ళు పోయడం మర్చిపోయాను. ఎండిపోయింది. ఆమె ఎండిన కొమ్మలు తుంచి నీళ్ళు పోసింది.

ఇప్పుడు ఇద్దరం కలిసి చేస్తున్నాం. ఆమె స్టూలు మీద కూర్చుని వేగడం సంగతి చెబుతుంది, నేను ఉప్పు తూస్తాను. ఆమె వాటా ముందు తీసి పక్కన పెట్టాక, నా వాటాలో ఇంకాస్త కలుపుతాను. వేసవిలో ఒకరోజు టమాటా పచ్చడి తింటూ, "పులుపెక్కింది" అన్నాను. ఆమె నా వంక చూసి, "చింతపండు కొత్తది. ఎక్కువ పడింది" అంది. నేను ఏదన్నా తిని, అది ఎట్లా ఉందో చెప్పడం ఎన్నాళ్ళకో. అది కూడా మర్నాడు స్కూలుకి వెళుతుంటే బస్సులో తట్టింది. మళ్ళీ చాలా రోజులు అట్లాంటిదేమీ జరగలేదు.

మొన్నటి పరీక్షలో షుగర్ బాగా దిగింది. డాక్టరమ్మ ఒక మాత్ర తీసేసి, "మధ్యాహ్నం పూట కాస్త అన్నం తినొచ్చండీ, ఒక గుప్పెడు. ఎదురు చూస్తూ ఉంటారు కదా" అంది. ఎదురు చూడలేదని చెప్పలేదు. ఇంటికొచ్చి అత్తయ్యకి చెబితే, ఆ మధ్యాహ్నమే తన గిన్నెలోంచి ఒక గుప్పెడు తీసి నా కంచంలో ఒక పక్కన పెట్టింది. పొగలు వస్తున్న అన్నం. పక్కన బీరకాయ తొక్కు పచ్చడి వేసింది. నేను కలుపుకుని తిన్నాను. ఆమె తినడం ఆపి చూస్తోంది.

"ఎట్టా ఉంది?"

"ఏమీ అనిపించలేదత్తయ్యా" అన్నాను. అబద్ధం చెప్పాలని లేదు.

"అనిపించకపోతే పోనీ. రేపు తిందువులే" అని పెరుగు గిన్నె నా వైపు జరిపి, ఆమె తన ముద్ద కలుపుకుంది.